ముక్కుపెద్దమ్మ ఇచ్చిన సీసా

నూనెల కొట్టు యజమానురాలు ఎవరని అడిగితే ఆ వీధిలో నలుగురు నాలుగు వైపులా చూస్తారు. ముక్కుపెద్దమ్మ ఎక్కడ అని అడగండి, చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి గుమ్మంలో దింపి వెళ్తారు. ఆమె ముక్కు పెద్దదేమీ కాదు, నిజం చెప్పాలంటే కాస్త చప్పిడి ముక్కే. పేరు వచ్చింది దాని ఆకారానికి కాదు, అది చేసే పనికి. ఎండుటాకు గుప్పెడు తెచ్చి బల్ల మీద పోస్తే ఇది ఫలానా ఆకు, కోసి వారమైంది, నీడన ఆరబెట్టమంటే ఎండలో పడేశారు అని కళ్ళు మూసుకుని చెప్పేసేది. నూనె అమ్మడానికి వచ్చినవాడు సీసా మూత తీస్తే చాలు, "సగం కల్తీ నాయనా ఇది, పట్టుకెళ్ళి మీ ఇంటి గొళ్ళాలకి పూసుకో" అని మొహం మీదే అనేసేది. ముప్ఫై ఏళ్ళు ఆ కొట్టు ఆ ముక్కు మీదే నడిచింది.

అలాంటి ముక్కు నలభై రోజుల కిందట పోయింది.

పోవడమంటే ఊడిపడలేదు లెండి, ఉన్నచోటే ఉంది. మూడు రోజులు జ్వరం, ముక్కు దిబ్బడ. నాలుగో రోజు లేచి కాఫీ తాగితే వేడినీళ్ళు తాగినట్టుంది. "ఏం కాఫీ పెట్టావే తల్లీ, పొడి వెయ్యడం మర్చిపోయావా?" అని కోడలి మీద విసుక్కుంది. తర్వాత కొట్టుకు వచ్చి లవంగాల డబ్బా మూత తీసి, అందులో మొహం పెట్టి గట్టిగా పీల్చింది. ఏమీ లేదు. వాము తీసింది, ఏమీ లేదు. కర్పూరం తీసింది. చల్లగా ముక్కులో ఏదో గుచ్చుకుంది గానీ వాసన మాత్రం రాలేదు. 

ఎవరికీ చెప్పలేదు. వాసనే తెలియని మనిషిని నూనెల కొట్టులో ఎవరు కూర్చోబెడతారు? కొడుకుకి చెప్తే డాక్టరు దగ్గరికి పదమంటాడు. ఇక కోడలికి చెప్పడమంటారా, అంతకంటే నోరు కుట్టేసుకోవడం నయమనుకుంది.

ఎందుకంటే ఆ కోడలితో ఆమెకి నాలుగేళ్ళుగా ఒకటే పేచీ. కోడలు రాకముందు కొట్టులో ఉన్నదంతా నానిన నూనెలే. ఆకో పువ్వో కొబ్బరినూనెలో వేసి, సన్నని సెగ మీద వెచ్చబెట్టి, వారాల తరబడి నానబెట్టి వడకట్టినవి. అవి నెమ్మదైనవి, చేతినిండా పోసుకుని రాసుకున్నా ఫరవాలేదు. కోడలు వచ్చి పెరట్లో రాగి పాత్ర పెట్టించింది. ఆకుల్ని ఆవిరి పట్టి, ఆ ఆవిరిని చల్లబరిచి, పైన తేలే నూనె తీస్తుంది. బస్తాడు ఆకుకి గ్లాసుడు కూడా రాదు. ఇంట్లో వాళ్ళు దాన్ని ఆవిరి నూనె అంటారు. అది చుక్కల లెక్కన వాడాల్సిన సరుకు.

"రెండూ ఒకే ఆకువేగా, ఇంత గోలెందుకే?" అనేది ముక్కుపెద్దమ్మ.

"ఆకు ఒకటే అత్తయ్యా, కానీ ఇది బస్తాడు ఆకు ఒక్క సీసాలో దూరినట్టు. ఒంటికి నేరుగా రాయకూడదు. చెంచాడు మామూలు నూనెలో ఒకటో రెండో చుక్కలు, అంతే. తాగకూడదు. కళ్ళ దగ్గరికి రానివ్వకూడదు. ఇక పసిపిల్లలున్న ఇంట్లో పుదీనా ఆవిరి నూనె మూతే తియ్యకూడదు. వాళ్ళ ముక్కు దగ్గరికి వెళ్తే ఊపిరి బిగుసుకుపోతుంది."

"మీ అత్తకి నూనెల గురించి చెప్పేదానివయ్యావన్నమాట!"

అలా అనేది గానీ మాటలు మాత్రం చెవిలో పడ్డాయి. చెవులకేం, అవి బాగానే ఉన్నాయి.

కోడలు అంతటితో ఊరుకోలేదు. ప్రతి డబ్బాకీ పేరు రాసిన చీటీ అంటించింది. ఎవరు ఏ నూనె పట్టుకెళ్ళారో పేరూ, ఫోన్ నంబరూ, ఇంటి గుర్తూ రాయడానికి ఒక నోటుపుస్తకం పెట్టింది. ముక్కుపెద్దమ్మకి ఒళ్ళు మండింది. నలుగురు కొనుగోలుదార్లు చూస్తుండగానే, కొట్టు ముందు గదిలో చీటీలన్నీ గోటితో గీకి పారేసింది. "ఈ ముక్కు బతికుండగా నాకు చీటీలెందుకే?" అంది. అందరూ నవ్వారు. కోడలు మొహం ఇంత చేసుకుని ఊరుకుంది. రెండేళ్ళ కిందటి మాట అది.

ఇప్పుడు ఆ చీటీలుంటే ఎంత బాగుండు! కానీ ఏ మొహం పెట్టుకుని అడుగుతుంది? అందుకని డబ్బాలు ఉండే చోట్లు బట్టీ పట్టింది. కుళాయిలున్న స్టీలు డబ్బాలు ఐదు. ఎడమ నుంచి మొదటిది నొప్పుల నూనె, రెండోది తలనూనె, మూడోది సీమచామంతి పూలు నానబెట్టిన పసిపిల్లల నూనె, ఇలాగ. పట్టాక సీసా ముక్కు కింద తిప్పి "ఊఁ" అనడం మాత్రం మానలేదు. జనం చూడాలిగా. అయితే తిప్పేటప్పుడు ఊపిరి పీల్చేది కాదు. పీల్చినప్పుడల్లా ఏమీ రాకపోయేసరికి లోపల కలుక్కుమనేది. ఆ బాధ పడలేక ఊపిరి బిగబట్టి నటించడం అలవాటు చేసుకుంది. అదీ ఆమె చేసిన ఘనకార్యం.

ఆ రోజు పొద్దున కోడలు అలమర కడిగింది. లోపలి గదిలో తాళం వేసి ఉంచే పుదీనా ఆవిరి నూనె డబ్బా కూడా ముందుకి తెచ్చింది, అదీ కుళాయి ఉన్న స్టీలు డబ్బాయే. సబ్బులు చేసేవాళ్ళకి అందులోంచి రెండు సీసాలు పట్టి సంచీలో పెట్టుకుంది. ఆలస్యమైపోతోందని ఆ డబ్బాని అలమరలోనే, కడిగి సర్దిన డబ్బాల మధ్య ఖాళీ కనిపించిన చోట పెట్టేసి పరుగెత్తింది. చీటీ లేదు, తాళం లేదు. అత్తయ్య ముక్కు ఉండగా భయమేంటని ఆ పిల్ల ధైర్యం. మాటకి మాట అనుకున్నా, ఆ ఇంట్లో ఆ ముక్కుని అందరికంటే గట్టిగా నమ్మింది కోడలే.

ఒంటిగంటకి లిఫ్టు మెకానిక్ వచ్చాడు. చేతులు గ్రీజు, మొహం నిద్ర లేని మొహం.

"పెద్దమ్మా, పాపకి జలుబు. ఐదో నెల. రాత్రంతా గుర్రుగుర్రు. మా అత్తగారు పిల్లల నూనె తెమ్మంది, నాలుగింటికి నీళ్ళు పోసే ముందు ఛాతీకీ అరికాళ్ళకీ రాస్తానంది."

"మీ ఆవిడేం చేస్తోంది?"

"డ్యూటీకి వెళ్తోంది. పాప మా అత్తగారి దగ్గరే. ఆవిడకి మీ మాటంటే వేదం. వేరే కొట్టులో కొంటే ఇంట్లోకి రానివ్వదు."

ముక్కుపెద్దమ్మ మురిసిపోయింది. కబుర్లాడుతూనే అలమర వైపు తిరిగి, మూడో డబ్బా కుళాయి కింద గోధుమరంగు సీసా పెట్టి నింపింది. ముక్కు కింద తిప్పింది. "ఊఁ, బాగా దిగింది" అంది. సీసా మూతి దగ్గర కారిన చుక్కల్ని బల్ల మీద పరిచిన కాగితానికి తుడిచి మూత బిగించింది. అతను సంచీలో వేసుకుని వెళ్ళిపోయాడు. నోటుపుస్తకం గురించి ఆమెకి గుర్తే లేదు. ఏనాడు రాసింది గనక?

మూడున్నర దాటాక బల్ల తుడుద్దామని కాగితం ఎత్తింది. ఎత్తి ఆగిపోయింది.

ఆ రోజు నాలుగు సీసాలు నింపింది. నాలుగుసార్లు అదే కాగితానికి తుడిచింది. నూనె పడ్డ చోట కాగితం అద్దంలా అవుతుంది, అటువైపు వేలు పెడితే కనిపిస్తుంది. మరకలు మూడే ఉన్నాయి. కుడి చివర, లిఫ్టు అబ్బాయి సీసా తుడిచిన చోట, కాగితం పొడిగా ఉంది. ఏదో తడిసి ఆరినట్టు కాస్త ముడత పడింది, అంతే. నానిన నూనె ఎప్పటికీ ఆరదు. ఆరిపోయేది ఆవిరి నూనె ఒక్కటే.

 మూడో డబ్బా కుళాయి తిప్పి వేలి మీద ఒక చుక్క పట్టింది. నీళ్ళలా పల్చగా జారింది. ముక్కు దగ్గర పెట్టుకుని చాలా రోజుల తర్వాత నిజంగా పీల్చింది. వాసన రాలేదు. కానీ మంచు ముక్క దూర్చినట్టు ముక్కు లోపలంతా చల్లగా కోసేసింది, కళ్ళమ్మట నీళ్ళు కారాయి. పుదీనా ఆవిరి నూనె. మధ్యాహ్నం ఒక్కసారి ఊపిరి పీల్చి ఉంటే ఇది అప్పుడే తెలిసేది.

గడియారం చూసింది. నాలుగుకి ఇరవై ఐదు నిమిషాలు తక్కువ.

వెంటనే కోడలికి ఫోన్ చేసి ఉండాల్సింది. చేతిలో ఫోన్ పట్టుకుంది కూడా. కానీ ఏమని చెప్తుంది? ఎలా పొరపాటైంది అత్తయ్యా అని అడుగుతుంది, వాసన తెలియలేదా అని అడుగుతుంది. ఫోన్ జాకెట్లో దోపుకుంది. లిఫ్టు అబ్బాయిని ఎలాగోలా పట్టుకుంటే సీసా మార్చేసి రావచ్చు, మూడో కంటికి తెలియకుండా అయిపోతుంది అనుకుంది. చూశారా మనిషి బుద్ధి! అక్కడ పసిపిల్ల ఊపిరి, ఇక్కడ తన పరువు, రెండూ కలిపి ఒకే చేత్తో మొయ్యాలనుకుంది.

అసలు పిల్లల నూనె డబ్బా ఏ చోటికి జరిగిందో వెతికింది. ఒక్కో కుళాయీ తిప్పి కాగితం మీద చుక్కలు పట్టింది గానీ, చూసి చెప్పడానికి ఏముంది? అన్నీ జిడ్డుగానే ఉన్నాయి. ఉత్త చేతులతో కొట్టు తలుపు దగ్గరికి లాగి బయట పడింది.

లిఫ్టు అబ్బాయి ఆ నెలంతా బట్టల దుకాణం మేడలో పని చేస్తున్నాడని తెలుసు. మోకాళ్ళ నొప్పి మర్చిపోయి అటు పరుగులాంటి నడక నడిచింది. దారిలో ఎవరో "ఏం పెద్దమ్మా, ఎక్కడికో వాసన పట్టుకుని పోతున్నట్టున్నావ్?" అని నవ్వితే సమాధానం చెప్పలేదు.  పాప ఛాతీ, దాని మీద పెద్దావిడ చెయ్యి, ఆ చేతినిండా నూనె, ఇదే కళ్ళ ముందు ఆడుతోంది.

దుకాణం కాపలా ఆయన కుర్చీలో వెనక్కి వాలి ఉన్నాడు.

"లిఫ్టు అబ్బాయా? ఇందాకే ఇంకో మేడకి వెళ్ళాడండీ. ఏంటి పని?"

"ఏం లేదు నాయనా, సీసా ఒకటి మారింది. ఫోన్ నంబరుందా?"

"సీసాయేగా? రేపు వస్తాడు, ఇచ్చేద్దురు గాని. ఈ ఎండలో ఎందుకండీ, కూర్చోండి, మంచినీళ్ళు తాగండి."

ఏం లేదు అంటే అతను మాత్రం ఎందుకు కంగారు పడతాడు? నంబరు కావాలని ఆమె బతిమాలితే, లిఫ్టు లోపల గోడ మీద కంపెనీ నంబరు ఉందన్నాడు. లిఫ్టు మూడో అంతస్తులో ఆగి ఉంది. కిందికి వచ్చేసరికి ఒక యుగం. ఆ నంబరుకి ఫోన్ చేస్తే ఏదో పాట వినిపించింది, తర్వాత ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అని వినిపించింది. ఏది నొక్కినా మళ్ళీ పాటే. ఆమె మళ్ళీ మళ్ళీ నొక్కింది.

"ఇంత టెన్షన్ ఎందుకండీ సీసా కోసం?" అన్నాడు కాపలా ఆయన.

దుకాణం గోడ మీద గడియారం నాలుగుకి పది నిమిషాలు తక్కువ చూపించింది. అప్పుడు ఆమెలో భయం పరువుని మింగేసింది. కోడలికి ఫోన్ చేసింది.

"అమ్మాయ్, లిఫ్టు అబ్బాయి ఇల్లెక్కడో తెలుసా? వాళ్ళ పాపకి పుదీనా ఆవిరి నూనె ఇచ్చేశాను. పిల్లల నూనె అనుకుని. నాలుగింటికి ఛాతీకి రాస్తారంట."



"మీరా? మీరెలా ఇచ్చారు అత్తయ్యా? మూత తియ్యగానే తెలిసిపోతుందిగా!"

"తెలియదే నాకు. ఏ వాసనా తెలియడం లేదు. జ్వరం వచ్చినప్పటి నుంచి ముక్కు చచ్చిపోయింది. తిట్టు, తర్వాత ఎంతైనా తిట్టు. ఇల్లెక్కడో చెప్పు తల్లీ."

కోడలు తిట్టలేదు. "ఎక్కడున్నారు? బట్టల దుకాణమా? వెనక వీధిలో పోస్టాఫీసు పక్కన పసుపురంగు మేడ, నాలుగో అంతస్తు. పోయిన నెల పెద్దావిడ తలనూనెకి వచ్చింది, నంబరు నా ఫోన్లో కూడా ఉంది. నేను ఆవిడకి చేస్తాను, మీరు నడవండి" అంది. చెప్పడానికి అరనిమిషం కూడా పట్టలేదు. కొట్టులోంచి కదలకముందే ఈ ఫోన్ చేసి ఉంటే ఈపాటికి సీసా చేతిలో ఉండేది. ఆ సంగతి ఆమెకి తెలుసు. నడుస్తూ తనని తానే నోటికొచ్చినట్టు తిట్టుకుంది.

పోస్టాఫీసు మలుపులో ఫోన్ మోగింది.

"అత్తయ్యా, ఆవిడ ఎత్తింది గానీ నా మాట వినడం లేదు! పెద్దమ్మ ముక్కు దాటి తప్పుడు నూనె రాదు, నువ్వు నిన్న మొన్న వచ్చినదానివి నీకేం తెలుసు అంటోంది. పాపకి చల్లగాలి తగులుతోంది అని పెట్టేసింది. మళ్ళీ చేస్తే ఎత్తడం లేదు. పరుగెత్తండి అత్తయ్యా!"

పసుపు మేడ లిఫ్టు తలుపుకి పనిచేయడం లేదని అట్టముక్క వేలాడుతోంది. లిఫ్టు మెకానిక్ కాపురముండే మేడలో! ఇంకో రోజైతే ముక్కుపెద్దమ్మ దీని మీద వారం రోజులు జోకులేసేది. ఇప్పుడు మెట్ల కమ్మీ పట్టుకుని ఎక్కింది. మొదటి అంతస్తుకి ఆయాసం, రెండో అంతస్తుకి కళ్ళు బైర్లు. మూడో అంతస్తు దగ్గర ఇక కాలు లేవలేదు. పైనుంచి పాప ఏడుపు వినిపించింది. ఏడుస్తోందంటే ఊపిరి ఉంది అనుకుంది. అంతలో ఏడుపు ఆగింది.

"రాయకు!" అని మెట్ల మీంచే అరిచింది. "ఓ చెల్లీ, రాయకు! నేనే, ముక్కుపెద్దమ్మని! చెయ్యి తియ్యి!"

రెండు మూడు తలుపులు తెరుచుకున్నాయి. ఎలా ఎక్కిందో తెలియదు, నాలుగో అంతస్తు గుమ్మంలో ఉంది. గదిలో నేల మీద తువ్వాలు పరిచి ఉంది, దాని మీద పాప. అమ్మమ్మ పక్కన కూర్చుని ఉంది. ఎడమ అరచేతిలో నూనె, కుడి చెయ్యి పాప ఛాతీ మీదికి వంగి ఆగిపోయింది. ఆవిడ కళ్ళు ఎర్రగా ఉన్నాయి, బుగ్గల మీద నీళ్ళు కారుతున్నాయి.

"ఏంటక్కా ఈ కేకలు? మీ కోడలు చూస్తే ఏదేదో వాగుతుంది, నువ్వు చూస్తే ఇలా ఊగుతున్నావు. మతి పోయిందా?"

"మతి కాదే, ముక్కు పోయింది. నలభై రోజులైంది. ఏ వాసనా తెలియదు నాకు. నీకు ఇచ్చింది తప్పుడు నూనె. మా కోడలు చెప్పింది నిజం. ఆ చెయ్యి పాపకి దూరంగా పెట్టు."

గుమ్మంలో ఇరుగుపొరుగు నిలబడి వింటున్నారు. విననివ్వండి అనుకుంది. రేపటికల్లా వీధంతా తెలుస్తుంది, తెలియనివ్వండి.

అమ్మమ్మ కదల్లేదు. తన అరచేతిలోకి చూసుకుంది, ముక్కుపెద్దమ్మ మొహంలోకి చూసింది.

"మూత తియ్యగానే నా ముక్కు అదిరిపోయింది. కళ్ళు మండిపోయాయి. ఇదేంటి, పిల్లకి ఇంత ఘాటా అనుకున్నాను" అంది నెమ్మదిగా. "కానీ నువ్విచ్చావు కదా. జలుబు కదా, పెద్దమ్మ చూసే ఇచ్చి ఉంటుంది, నా ముక్కుదేముంది అనుకున్నాను."



"ఎక్కడెక్కడ రాశావు?" అంది ముక్కుపెద్దమ్మ.

"అరికాళ్ళకే. రాయగానే గుక్క పెట్టింది."

ఐదో నెల పిల్ల. కాలు అందితే నోట్లో పెట్టుకునే వయసు. ఇద్దరూ ఒకేసారి పాప వైపు చూశారు. పాప రెండు చేతులతో కుడి పాదం పట్టుకుని మొహం దగ్గరికి లాక్కుంటోంది. ముక్కుపెద్దమ్మ మోకాళ్ళ మీద పడి ఆ పాదం పట్టుకుంది.

"నోట్లో పెట్టుకుందా ఇందాక?"

"తెలియదక్కా. నేను నూనె పోసుకుంటున్నాను, చూడలేదు. అయ్యో, నేను చూడలేదు!"

ముక్కుపెద్దమ్మ ఫోన్ మళ్ళీ మోగింది. పక్కింటామె తీసి ఆమె చెవి దగ్గర పెట్టింది. పాప అరికాళ్ళకి రాశారనీ, కాలు నోట్లో పెట్టుకుందేమో తెలియదనీ చెప్పింది ముక్కుపెద్దమ్మ. కోడలు గబగబా చెప్తోంది: "కిటికీలన్నీ తెరవండి. పాపని ఆ గదిలోంచి బయటికి తియ్యండి. నీళ్ళు పొయ్యకండి ముందు. వంటింట్లో మామూలు కొబ్బరినూనె ఉంటుంది, గుడ్డకి తీసుకుని కాళ్ళు తుడవండి. రెండు మూడుసార్లు తుడిచాక సబ్బు, గోరువెచ్చని నీళ్ళు. మీ చేతులు కూడా కడుక్కోండి. వాంతి చేయించొద్దు. వెంటనే డాక్టరు దగ్గరికి. సీసా కూడా పట్టుకెళ్ళండి, నేను అక్కడికే వస్తున్నాను."

ఆమె చెప్పింది చెప్పినట్టు ముక్కుపెద్దమ్మ చేసింది. ఒక్కమాటకీ ఎదురు చెప్పలేదు. మెట్లు దిగుతున్నప్పుడు పాప రెండుసార్లు దగ్గింది. దగ్గిన ప్రతిసారీ ఇద్దరు ముసలాళ్ళూ మెట్టు మీదే ఆగిపోయారు.

క్లినిక్‌లో డాక్టరమ్మ సీసా మూత కొంచెం తీసి, తల వెనక్కి లాక్కుని బిగించేసింది.

"ఇది ఎవరిచ్చారు?"

"నేను" అంది ముక్కుపెద్దమ్మ.

"చూడకుండానా?"

"వాసన తెలియకుండా, తెలుస్తున్నట్టు నటించి ఇచ్చానమ్మా."

డాక్టరమ్మ ఆమెని ఒకసారి ఎగాదిగా చూసి లోపలికి వెళ్ళింది. పాప వేలికి యంత్రం తీగ తగిలించారు. ఊపిరి లెక్కపెట్టారు. నోట్లోకి ఎంత వెళ్ళిందో తెలియదు కాబట్టి కొన్ని గంటలు కళ్ళ ముందే ఉంచాలన్నారు. వరండాలో బల్ల మీద ముక్కుపెద్దమ్మ కూర్చుంది. లోపలి యంత్రం టిక్కుటిక్కుమంటోంది. టిక్కుకీ టిక్కుకీ మధ్య ఆమె ప్రాణం పోయి వస్తోంది.

పాప తల్లి, తండ్రి వచ్చారు. లిఫ్టు అబ్బాయి ముక్కుపెద్దమ్మ వైపు ఒకసారి చూసి లోపలికి వెళ్ళిపోయాడు. అతను తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

కోడలు వచ్చి పక్కన కూర్చుంది. 

"నలభై రోజులు అత్తయ్యా! నాతో ఒక్క మాట చెప్పలేదు" అంది కోడలు. గొంతులో కోపం ఉంది, ఏడుపూ ఉంది. "కాఫీ బాగోలేదన్నప్పుడు కూడా నా వంటనే తిట్టారు."

"చెప్తే ఇంక నేనెందుకు ఆ కొట్టులో? మూలన కూర్చోబెడతావేమోనని భయమేసింది."

"ఏ ఆకు ఎప్పుడు కొయ్యాలో, ఏది ఎన్నాళ్ళు నానాలో, ఏది ఎవరికి పడదో, అవన్నీ కూడా ముక్కులోనే ఉన్నాయా? నేను మీ దగ్గర నేర్చుకుంది అదేగా." కోడలు కొంగుతో మొహం తుడుచుకుంది. "ఆ డబ్బా అక్కడ పెట్టి వెళ్ళింది నేను. నాదీ తప్పే. మీరున్నారుగా అని తాళం వెయ్యలేదు."

"నీ తప్పు నువ్వు చూసుకో. నాది నాకు చాలు" అంది ముక్కుపెద్దమ్మ. "ఈ నలభై రోజుల్లో నేను పట్టిచ్చిన సీసాలున్నాయి. పుస్తకంలో రాయలేదు. ఎవరెవరో గుర్తు చేసుకుని చెప్తాను, రాసుకో. అందరి ఇళ్ళకీ వెళ్దాం."

"ఇవాళ దాకా చోట్లు మారలేదుగా?"

"మారలేదనే అనుకుంటున్నాను. నేను అనుకున్నదాన్ని నువ్వు నమ్మకు."

కోడలు సంచీలోంచి కలం తీసింది. ఆమె చెప్తూ పోయింది: కుట్టుపనామె, బడి పంతులు గారు, మందుల షాపు వెనకింటి బాలింత.  బాలింత అనగానే కోడలు అప్పటికప్పుడే ఆ ఇంటికి ఫోన్ చేసింది. తల్లీ బిడ్డా బాగున్నారని తెలుసుకుని, ఆ సీసా ఇక ముట్టుకోవద్దని చెప్పాకే తర్వాతి పేరు రాసింది.

సాయంత్రం ఏడింటికి డాక్టరమ్మ బయటికి వచ్చింది. ఊపిరి బాగుందని, పాలు తాగిందని, జలుబు తప్ప ఇంకేమీ లేదని, ఇంటికి తీసుకెళ్ళవచ్చని చెప్పింది. ఈ రాత్రి మాత్రం కనిపెట్టుకుని ఉండమంది. అమ్మమ్మ పాపని భుజాన వేసుకుని వచ్చింది. ముక్కుపెద్దమ్మ లేచి నిలబడింది గానీ దగ్గరికి వెళ్ళడానికి మొహం చెల్లలేదు.

అమ్మమ్మే వచ్చి ఎదురుగా నిలబడింది.  తర్వాత పాపని ఆమె చేతుల్లో పెట్టింది. "ఎత్తుకో. నీ గుండె కూడా కుదుటపడాలిగా" అంది.

పాప నిద్రపోతోంది. వెచ్చగా, బరువుగా ఉంది. ముక్కుపెద్దమ్మ ఏ ఆలోచనా లేకుండా తల వంచి, పాప నడినెత్తిన ముక్కు పెట్టి గట్టిగా పీల్చింది. పిల్లల్ని ఎత్తుకున్న ఏ ఆడమనిషైనా చేసే పనే. తన కొడుకుని అలాగే పీల్చింది, ఎదురింటి పిల్లల్ని అలాగే పీల్చింది.

ఏమీ రాలేదు.

నలభై రోజులుగా దాచడంలోనే పడి ఏడవడానికి తీరిక లేకపోయింది ఆమెకి. ఇప్పుడు పాపని పట్టుకుని, వరండాలో అందరి ముందూ, వెక్కి వెక్కి ఏడ్చింది.

"ఏమైందక్కా?" అని అమ్మమ్మ కంగారుపడింది. "ఇంకా ఆ ఘాటు వస్తోందా?"

"నాకు తెలియదే. నాకేమీ తెలియదు. నువ్వు చూసి చెప్పు."

అమ్మమ్మ తువ్వాలు జరిపి, ముందు పాప అరికాళ్ళు వాసన చూసింది. చేతివేళ్ళు చూసింది. తర్వాత పాప తల మీదికి వంగి నెమ్మదిగా ఊపిరి పీల్చింది. తొందరపడలేదు, రెండోసారి కూడా చూసింది.

"పాల వాసన" అంది.